కోయకుండా ఆగడం తెలిసిన చేయి

తెలుగులో వ్యవసాయం పుస్తకాలకు కొదవ లేదు. వరి మీద, మిరప మీద, పత్తి మీద, మామిడి మీద కావలసినన్ని ఉన్నాయి. పెరటితోట మీద, మిద్దెతోట మీద కూడా ఈమధ్య మంచి పుస్తకాలే వస్తున్నాయి. కానీ మన నేల మీద పెరగని ఒక మొక్క గురించి, దాన్ని సొంత చేత్తో పెంచిన మనిషి ఇంత వివరంగా తెలుగులో రాసిన పుస్తకం నా చేతికి రావడం ఇదే మొదలు. ఆ మొక్క రూబార్బ్. రాసింది ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో స్థిరపడిన మన తెలుగమ్మాయి. వృత్తికి నర్సు. రాత్రంతా ఆసుపత్రిలో డ్యూటీ చేసి, తెల్లారాక ఇంటికి పోకుండా నేరుగా మడి దగ్గరికి వెళ్ళి, కారు డిక్కీలోంచి బూట్లు తీసి తొడుక్కునే రకం.

ఆమె తల్లి నా దగ్గర చదువుకుంది. ఆ చనువుతో ఈ పిల్ల కూడా నన్ను ‘మాస్టారూ’ అనే పిలుస్తుంది. రాతప్రతి పంపుతూ, ‘మాస్టారూ, శాస్త్రం తప్పిన చోట మొహమాటపడకుండా కొట్టేయండి’ అని చీటీ పెట్టింది. కొట్టేయవలసింది నాకు దాదాపు ఏమీ కనపడలేదు. ఉద్యోగకాలమంతా వ్యవసాయ కళాశాలలో ఉద్యానశాస్త్రం చెప్పినవాణ్ణి. మా పాఠాల్లో రూబార్బ్‌కు దక్కే చోటు రెండు వాక్యాలు: చలిదేశపు బహువార్షికం, కాడలు తింటారు, ఆకులు విషం. పరీక్షకు అంతకు మించి అక్కర్లేదు. ఆ రెండు వాక్యాల వెనక ఏడాది పొడవునా ఎంత పని ఉందో, ఎంత గమనింపు ఉందో ఈ పుస్తకం చెబుతుంది. అందుకే పీఠిక రాయమని అడగగానే సంతోషంగా ఒప్పుకున్నాను.

చూడని పాఠకుల కోసం నాలుగు మాటలు. రూబార్బ్ నేలలో ఉన్న దుంప మీద బతికే మొక్క. చలికాలంలో పైనున్నదంతా చచ్చిపోతుంది. మట్టిలో నల్లటి గడ్డ ఒకటే మిగులుతుంది. ఫిబ్రవరి, మార్చిలో ఆ గడ్డ మీది కన్నులు ఎర్రగా ఉబ్బి, ముడతలు పడి ముడుచుకున్న ఆకులు బయటికి వస్తాయి. విప్పుకున్నాక ఒక్కో ఆకు చేమ ఆకు కంటే పెద్దది. దాన్ని మోసే కాడ బొటనవేలంత లావు, మూరెడు పొడవు. మొదట్లో ఎరుపు, పైకి పోయేకొద్దీ ఆకుపచ్చ. తినేది ఆ కాడనే. పచ్చిగా కొరికితే పళ్ళు పులిసిపోతాయి.

ఆ పులుపును బట్టి మనవాళ్ళు చాలామంది దీన్ని గోంగూరకు చుట్టం అనుకుంటారు. కాదు. గోంగూరది మందార, బెండ, పత్తి పుట్టిన కుటుంబం. మన పెరట్లో రూబార్బ్‌కు దగ్గరి బంధువు చుక్కకూర. రెండూ పాలిగోనేసీ కుటుంబానివే. చుక్కకూర మొక్కను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? కణుపు దగ్గర, ఆకు కాడ పుట్టే చోట, ఉల్లిపొర లాంటి పల్చటి పొర కాండాన్ని చుట్టుకుని ఉంటుంది. ఆ కుటుంబానికి అదే గుర్తు. రూబార్బ్ కాడ మొదట్లోనూ ఆ పొర ఉంటుంది, ఇంకా పెద్దదిగా, తడిగా, జిగురుగా. ఈ సంగతి రచయిత్రికి ఏ పుస్తకమూ చెప్పలేదు. కుండీలో వేసిన చుక్కకూరనూ, మడిలోని రూబార్బ్‌నూ పక్కపక్కన పెట్టి తానే పట్టుకుంది. నేను తరగతిలో పటం గీసి చెప్పిన విషయాన్ని ఒక మనిషి వేళ్ళతో తడిమి కనుక్కున్న పేజీ అది. పుస్తకం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన పేజీ కూడా అదే.

యార్క్‌షైర్ చేరిన కొత్తలో ఆమె కూడా అందరిలాగే గోంగూర గింజలే వేసింది. ఇంగ్లండులో స్థానిక కౌన్సిళ్ళు ఊరివాళ్ళకు కొద్దిపాటి కౌలుకు కూరగాయల మడులు ఇస్తాయి. వాటిని అలాట్‌మెంట్లు అంటారు. పూర్తి మడి పాత కొలత ప్రకారం సుమారు మూడు వందల గజాలు. ఆ మడిలో గోంగూర జూన్‌లో మొలిచి, ఆగస్టుకు జానెడై, సెప్టెంబరు చలికి నిలిచిపోయింది. పక్క మడి ఆసామి ఒకాయన, బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, ఇదంతా చూసి చూసి, ఒక నవంబరు మధ్యాహ్నం తన రూబార్బ్ గడ్డలో పారతో ఒక ముక్క నరికి తెచ్చి ఇచ్చాడు. ఆమె ఆయన్ని పుస్తకమంతటా ‘తాత’ అనే రాసింది. తాత పెట్టిన షరతు ఒక్కటే: వచ్చే ఏడాది దీని జోలికి పోవద్దు.

నా దృష్టిలో ఈ పుస్తకం సారమంతా ఆ షరతులో ఉంది. రూబార్బ్ పెంపకంలో నాటడం ఒక పూట పని, ఎరువు వేయడం ఇంకో పూట. మిగిలిన నేర్పంతా కోయకుండా ఆగడంలో ఉంది. కారణం కష్టమైనదేమీ కాదు. కాడ లాగిన ప్రతిసారీ ఒక ఆకు పోతుంది. ఆకు పోతే ఎండలో తయారై దుంపలోకి దిగవలసిన పిండిపదార్థం ఆ మేరకు తగ్గుతుంది. వచ్చే ఏటి పంట ఆ నిల్వ మీద ఆధారపడి ఉంది. కనుక నాటిన మొదటి ఏడాది ఒక్క కాడ కూడా తీయరు. రెండో ఏడాది రుచి చూడటానికి నాలుగైదు తీస్తే తీస్తారు. మూడో ఏటి నుంచి ఎనిమిది, పది వారాల పాటు కోసుకోవచ్చు. అప్పుడు కూడా మొక్క మీద సగం ఆకులైనా వదలాలి. జూన్ నెలాఖరుకు కోత ఆపేయాలి.

ఆ ఆపడం మీద రచయిత్రి ఒక అధ్యాయమే రాసింది. పేరు ‘కోయకూడని రోజులు’. జులైలోనూ కాడలు నవనవలాడుతూ ఉంటాయి. చుట్టాలొస్తారు, అడుగుతారు. కాస్త ముదిరిన కాడ వండితే పోయేదేముందనిపిస్తుంది. వెంటనే పోయేదేమీ కనపడదు కూడా. కనపడేది మరుసటి వసంతంలో. కన్నులు తక్కువ లేస్తాయి, కాడలు పెన్సిళ్ళలా సన్నబడతాయి. ఇవాళ చేసిన పనికి ఫలితం తొమ్మిది నెలల తరవాత కనపడే పంటలో ఎవరూ పక్కన నిలబడి మందలించరు. ఆ మందలింపు ముందే జరిగిపోయేలా ఈ అధ్యాయం రాసింది. కొత్తగా తోటపని మొదలుపెట్టేవారు పుస్తకం మొదటి నుంచి కాకుండా ఇక్కడి నుంచి చదివినా నష్టం లేదు.

ఆమె మాటకూ చేతకూ తేడా ఉందేమోనని అనుమానించే అవసరం నాకు లేదు. లీడ్స్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్నప్పుడు, ఒక ఏప్రిల్ ఉదయం నన్ను తన మడికి తీసుకువెళ్ళింది. మొక్క దగ్గరికి వెళ్ళగానే చేయి పెట్టలేదు. ఒకసారి చుట్టూ తిరిగింది. ముందు ఏ కాడలు వదలాలో చూసుకుంది. ఏది తీయాలో ఆ తరవాత చూసుకుంది. కాడ లోపలి వైపు గాడి ఉంటుంది. అందులో బొటనవేలు ఆనించి, చేయిని వీలైనంత కిందికి జార్చి, ఒక పక్కకు మెలితిప్పి లాగింది. మెత్తగా ఊడి వచ్చింది. మొదలు దగ్గర వెడల్పాటి పాదం, తెలుపులో గులాబీ, దానికి అంటుకున్న జిగురు పొర. కత్తి వాడదు. కత్తితో కోస్తే నేలలో మోడు మిగులుతుంది. ఆ మోడు కుళ్ళుతుంది. కుళ్ళు దుంపలోకి దిగితే మొక్కే పోతుంది. లాగిన కాడ నుంచి ఆకును అక్కడికక్కడే తుంచి కంపోస్టు కుప్ప మీద పడేసింది. ఆ ఆకు ఇంట్లోకి రాదు.

నాటడం గురించిన అధ్యాయాలు సూటిగా ఉన్నాయి. ఆకులు రాలి మొక్క నిద్రలో ఉన్న కాలమే, అంటే నవంబరు నుంచి మార్చి దాకా, గడ్డ నాటడానికి అదను. మొక్కకూ మొక్కకూ మధ్య మూడడుగుల ఎడం కావాలి. గడ్డ మీది కన్ను నేల మట్టానికి సరిగ్గా తేలి ఉండాలి. లోతుగా పాతిపెట్టి నీళ్ళు నిలిస్తే కుళ్ళు తప్పదు. మాగిన పశువుల ఎరువు దండిగా వేయాలి గానీ కన్ను మీద కప్పకూడదు, చుట్టూ వేయాలి. పూతకాడ లేస్తే చూసిన రోజే మొదలంటా తీసేయాలి. ఐదారేళ్ళకు మధ్యభాగం చివికి కాడలు సన్నబడినప్పుడు గడ్డ తవ్వి, ఒక్కో ముక్కకు కనీసం ఒక కన్ను ఉండేలా పిలకలు విడదీయాలి. గింజ వేసి పెంచితే తల్లిమొక్క లక్షణాలు రావు కాబట్టి తోటల్లో పిలకలే చేతులు మారుతుంటాయి.

రకాల గురించి రాసిన చోట ఆమె ఒక అపోహను తీసేసింది. ఎర్ర కాడ పండిందనీ, పచ్చ కాడ పచ్చిదనీ చాలామంది అనుకుంటారు. అది రకాన్ని బట్టి వచ్చే రంగు. ‘విక్టోరియా’ అనే పాత రకంలో కాడ సగం పైనే పచ్చగా ఉంటుంది, వండితే దానికి వంక పెట్టలేం. ‘టింపర్లీ ఎర్లీ’ పేరుకు తగ్గట్టు తొందరగా వస్తుంది.

ఇక చలి. మన పాఠకులకు ఇది కొత్తగా తోచే విషయం. మనకు చలి అంటే మొక్కకు దెబ్బ. రూబార్బ్‌కు చలి తిండితో సమానం. ఐదు డిగ్రీల లోపు చలి వారాల తరబడి తగిలితేనే దుంపలో నిద్ర వదులుతుంది. అప్పుడే కన్నులు గట్టిగా లేస్తాయి. అలాగే వేసవి సగటు వేడి ఇరవైనాలుగు డిగ్రీలు దాటితే మొక్క డీలా పడుతుంది. చలిలో తీసుకునే విశ్రాంతి, జూన్ తరవాత మనం ఇచ్చే విశ్రాంతి: ఈ రెండూ ఉన్న చోటే ఈ మొక్క ఇరవై ఏళ్ళైనా నిలుస్తుంది.

ఈ రహస్యాన్ని ఒక పెద్ద వ్యాపారంగా మార్చిన ప్రాంతంలోనే రచయిత్రి నివాసం ఉండటం పాఠకుల అదృష్టం. వేక్‌ఫీల్డ్, మోర్లీ, రాత్‌వెల్ ఊళ్ళ మధ్యనున్న తొమ్మిది చదరపు మైళ్ళ నేలను రూబార్బ్ ట్రయాంగిల్ అంటారు. చలికాలంలో చీకట్లో కాడలు పెంచి అమ్మడమే అక్కడి వ్యాపారం. దాని మూల కథ ఇంకా ముందరిది. 1810ల్లో లండన్‌లోని చెల్సీ ఫిజిక్ గార్డెన్‌లో కాలువ తవ్విన మట్టి రూబార్బ్ గడ్డల మీద పడింది. కొన్ని వారాల తరవాత ఆ మట్టి తీస్తే లోపల లేత గులాబీ రంగు కాడలు, మామూలు కంటే మెత్తగా, తియ్యగా. చీకట్లో పెంచడమనే పద్ధతి అక్కడి నుంచి మొదలైంది. 1877లో యార్క్‌షైర్‌లో విట్‌వెల్ కుటుంబం ప్రత్యేకంగా ఇందుకోసమే కొట్టాలు కట్టింది. ఆ ప్రాంతానికి కావలసినవన్నీ దగ్గర్లోనే దొరికాయి. పెనైన్ కొండల నీడలో మంచు పట్టే నేల. కొట్టాలు వెచ్చబెట్టడానికి చుట్టూ బొగ్గు గనులు. డ్యూస్‌బరీ, బాట్లీ ఉన్ని మిల్లుల్లోంచి పడేసే ఉన్ని చెత్త: నెమ్మదిగా చివుకుతూ ఏడాది పొడవునా నత్రజని ఇచ్చే ఎరువు. రాత్రిపూట రైళ్ళు నింపి లండన్ బజారుకు పంపేవాళ్ళు. ఆ ప్రత్యేక రైళ్ళు 1960ల దాకా నడిచాయి. ప్రపంచంలో చలికాలపు రూబార్బ్‌లో పదింట తొమ్మిది వంతులు ఒకప్పుడు ఇక్కడిదే. రెండు వందల మందికి తక్కువ కాకుండా పండించిన చోట ఇప్పుడు కొద్ది కుటుంబాలే మిగిలాయి. 2010లో యూరోపియన్ యూనియన్ ‘యార్క్‌షైర్ ఫోర్స్‌డ్ రూబార్బ్’ అనే పేరుకు రక్షణ ఇచ్చింది.

అలాంటి కొట్టం ఒకటి నేనూ చూశాను. ఫిబ్రవరి నెల, బయట మంచు. పొలంలో రెండేళ్ళు ఒక్క కాడ కూడా కోయకుండా పెంచిన గడ్డలను మంచు తగిలాక తవ్వి తెచ్చి, చీకటి కొట్టంలో నేల మీద ఒకదానికొకటి ఆనించి పేరుస్తారు. నీళ్ళు పోసి, లోపల వెచ్చబెడతారు. వెలుతురు లేదు గనక ఆకు పచ్చబడదు. కాడ చివర చిన్న పసుప్పచ్చ ముడత మాత్రం ఉంటుంది. రెండేళ్ళ నిల్వంతా కాడలోకే వస్తుంది. కోత కొవ్వొత్తుల వెలుగులో. పుల్లకు గుచ్చిన కొవ్వొత్తులు మట్టిలో నాటి, ఆ వెలుగులో నడుములు వంచి లాగుతుంటారు. ఎక్కువ వెలుతురు పడితే కాడ గట్టిబడుతుంది. అందరూ మాటలాపితే మొగ్గ పొరలు విచ్చుకునే చిన్న చిటపట వినపడుతుంది. కోత అయిపోయాక ఆ గడ్డలకు ఇక సత్తువ ఉండదు. వాటిని కంపోస్టులో వేసేస్తారు.

ఇంటి తోటలో కూడా జనవరిలో ఒక మొక్క మీద బకెట్టో, మట్టి కుండో బోర్లించి ఇలాంటి లేత కాడలు తీయవచ్చు. ఆ పద్ధతిని రచయిత్రి చక్కగా వివరించింది. వెంటనే హెచ్చరించింది కూడా: ఇలా కప్పిన మొక్కను ఆ ఏడాది మళ్ళీ కోయకూడదు, మరుసటి ఏడాది మళ్ళీ కప్పకూడదు. ఉన్న రెండు మొక్కల్లో ఒకదాన్నే కప్పుతానని రాసింది. తోట ఉన్నవాళ్ళకు ఆ నిగ్రహం విలువ తెలుస్తుంది.

చరిత్ర అధ్యాయం చిన్నదే గానీ చదివి తీరాలి. రూబార్బ్ కాడ తినడం రెండు వందల ఏళ్ళ నాటి అలవాటు. అంతకు ముందు వేలాది ఏళ్ళు లోకం కోరుకున్నది దాని వేరును. చైనా వైద్యంలో విరేచనకారిగా దానికి పెద్ద పేరు. పదమూడో శతాబ్దంలో మార్కో పోలో తంగుత్ కొండల్లో అది సమృద్ధిగా దొరుకుతుందనీ, వర్తకులు అక్కడి నుంచి లోకమంతటికీ తీసుకుపోతారనీ రాశాడు. పద్దెనిమిదో శతాబ్దంలో రష్యా ప్రభుత్వం చైనా సరిహద్దున క్యాఖ్తా ఊళ్ళో ఈ వేరు వ్యాపారాన్ని తన గుప్పిట్లో పెట్టుకుంది. 1839లో నల్లమందు తగాదా నాడు చైనా అధికారి లిన్ జెషు విక్టోరియా రాణికి రాసిన లేఖలో, మా తేయాకూ మా రూబార్బూ లేకపోతే మీ ప్రజలు బతకలేరు కదా అన్న ధోరణిలో వాదించాడు. మన ఆయుర్వేద దినుసుల కొట్లలో రేవల్చిన్ని అని అమ్మేది కూడా ఈ జాతి వేరే. అది హిమాలయాల్లో పుట్టే రకం.

వేరు నుంచి కాడకు దృష్టి మళ్ళడానికి కారణం చక్కెర. అంత పులుపు తినాలంటే చక్కెర కావాలి, అది సామాన్యుడికి అందాలి. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్‌లో చక్కెర ధర పడిపోతూ వచ్చింది. 1874లో దాని మీద సుంకం పూర్తిగా ఎత్తేశారు. లండన్ శివార్లలోని డెట్‌ఫర్డ్‌లో జోసెఫ్ మయట్ అనే తోటమాలి కాడల కోసమే రూబార్బ్ పెంచి బజారుకు తెచ్చాడు. ఆయన తెచ్చిన ‘విక్టోరియా’ రకం 1837 నాటిది. ఆ రకం నేటికీ తోటల్లో ఉంది. ఆ చక్కెర కరీబియన్ దీవుల తోటల్లో బానిసల చెమటతో మొదలైందన్న సంగతి కూడా రచయిత్రి ఒక్క వాక్యంలో రాసింది. ఆ వాక్యం తీసేయమని ఎవరో సలహా ఇస్తే తీయలేదట. ఉంచడమే సరైన పని.

ఆకుల గురించి ఆమె నర్సుగా రాసింది, ఆ కంఠస్వరం వేరుగా వినపడుతుంది. ఆకులో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. తినకూడదు, వండినా తినకూడదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కూరగాయల కరువు వచ్చి, బ్రిటన్‌లో ఈ ఆకులు వండుకోమని జనానికి సలహా ఇచ్చారు. కొందరు జబ్బుపడ్డారు, ప్రాణం పోయిన సందర్భమూ నమోదైంది. మన ఇళ్ళలో ఏ కూరకైనా కాడా ఆకూ కలిపి తరిగే అలవాటు ఉంది గనక ఈ హెచ్చరిక తెలుగువాళ్ళకు మరీ అవసరం. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు, అత్తమామలకు తోట చూపించేటప్పుడు ముందు ఈ మాట చెప్పాలి. గట్టి మంచుకు వడిలి మెత్తబడిన కాడలను కూడా పడేయాలి. కాడలోనూ ఆక్సలేట్లు ఉంటాయి కాబట్టి మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు డాక్టరును అడిగి తినాలి.

వంటల అధ్యాయం చదువుతుంటే నాకు ఆకలి వేసింది. ఇంగ్లీషు వాళ్ళు దీన్ని చక్కెరతో ఉడికించి క్రంబుల్ చేస్తారు, కస్టర్డ్ పోసుకుంటారు. అమెరికాలో స్ట్రాబెర్రీతో కలిపి ‘పై’ చేస్తారు. అవీ ఇందులో ఉన్నాయి. కానీ ఆమె చేయి తిరిగింది పప్పులో. కందిపప్పు పూర్తిగా మెత్తబడ్డాకే కాడ ముక్కలు వేయాలి, ముందే వేస్తే పులుపుకు పప్పు ఉడకదు. ఐదు నిమిషాల్లో ముక్క కరిగిపోతుంది. చింతపండు అక్కర్లేదు. పచ్చిమిర్చి, చిటికెడు పసుపు, ఆఖర్న చిన్న బెల్లం ముక్క. పోపులో ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ. పచ్చడికైతే కాడలను నూనెలో నీరు ఇగిరేదాకా వేయించి, వేయించిన మెంతులూ ఆవాలూ పచ్చిమిర్చితో కచ్చాపచ్చాగా నూరాలి. అల్యూమినియం గిన్నెలో వండొద్దని రాసింది. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచకూడదని మన అమ్మమ్మలు చెప్పిన మాటే అది. ఆ పప్పు నేను తిన్నాను. గోంగూర పప్పులా లేదు. అలా ఉండాలని ఆశించకుండా తింటే చాలా బాగుంది. మొక్కను దాని స్వభావాన్ని బట్టి పెంచినట్టే, దాని రుచిని బట్టి తినాలన్నది రచయిత్రి పట్టుదల. నేను పూర్తిగా సమ్మతిస్తాను.

‘అమెరికా తెలుగువాళ్ళ గురించి కూడా రాయరాదూ’ అని అడిగితే, ‘నేను పెంచని చోటు గురించి నేనెలా రాస్తాను మాస్టారూ’ అంది. కాబట్టి ఆ నాలుగు మాటలు ఇక్కడ నేను చేరుస్తాను. మినెసోటా, మిషిగన్, షికాగో వైపు ఉన్నవారికి ఈ పుస్తకం దాదాపు ఉన్నదున్నట్టుగా పనికొస్తుంది. కోత నెలలు మాత్రం కొంచెం ఆలస్యమవుతాయి. అక్కడ కర్క్యులియో అనే ముక్కుపురుగు కాడలకు రంధ్రాలు చేస్తుంది. అది చుట్టుపక్కల పెరిగే డాక్ అనే కలుపు మీద గుడ్లు పెడుతుంది గనక ఆ కలుపును పీకేయడమే మొదటి మందు. ఆ డాక్ కూడా చుక్కకూర కుటుంబమే. డాలస్, హ్యూస్టన్ వైపు ఉన్నవారు బహువార్షికంగా పెంచాలని ఆశపడవద్దు. ఆ వేసవికి దుంప నిలవదు.

మన దగ్గర పెరుగుతుందా అని అడిగేవాళ్ళు తప్పక ఉంటారు. హైదరాబాదులో, విజయవాడలో పెరగదు. లంబసింగి పేరు చెప్పేవాళ్ళూ ఉంటారు. అక్కడ డిసెంబరు, జనవరిల్లో కొన్ని రాత్రులు ఐదు డిగ్రీల లోపుకు దిగుతుంది, నిజమే. కొన్ని రాత్రుల చలి ఈ మొక్కకు చాలదు, పైగా ఆ తరవాత వచ్చే ఎండలనూ, వానాకాలపు చెమ్మనూ దుంప తట్టుకోవాలి. మన దేశంలో ఈ జాతికి సొంత ఇల్లు హిమాలయాలే. సిక్కిం ఎత్తుల్లో, నాలుగు వేల మీటర్ల పైన, దీని జ్ఞాతి ఒకటి మనిషి నడుము దాటే ఎత్తున పెరుగుతుంది. పల్చని లేత పసుపు రేకాకులతో తన పూలను తానే కప్పి, లోపల వెచ్చదనం నిలుపుకుంటుంది. చూడగలిగినవారు అక్కడికి వెళ్ళి చూడాలి. తెలుగునేల మీద ఉన్నవారు చుక్కకూర వేసుకోండి. నెలన్నరలో కోతకు వస్తుంది, దానికి ఇంత నిగ్రహమూ అక్కర్లేదు.

పుస్తకంలో ఒక లోటు ఉంది, చెప్పకపోతే పెద్దరికం అనిపించుకోదు. ఫోటోలు మంచివే గానీ, దుంపను ఎక్కడ నరకాలో చూపించే రేఖాచిత్రం ఒకటి ఉండవలసింది. కన్ను ఎక్కడుందో ఫోటోలో మట్టి వల్ల సరిగా తెలియదు. రెండో ముద్రణలో చేరుస్తానని మాటిచ్చింది.

రచయిత్రికి నా ఆశీస్సులు. ఈ పుస్తకం చదివేవారిలో చాలామంది నేను చూడని దేశాల్లో, నేను చూడని మట్టిలో ఏదో ఒకటి పెంచుతూనే ఉంటారు. మీలో ప్రతి ఒక్కరినీ ఒకటి కోరుతున్నాను. మీ తోటలో ఒక్క మొక్కను ఎంచుకోండి. కనీసం మూడేళ్ళు దగ్గరుండి చూడండి. ఏ నెల ఏం చేశారో, ఏం చేయకుండా ఆగారో, ఏమైందో తెలుగులో రాసి పెట్టండి. రాసింది నాకు పంపితే చదివి, శాస్త్రం చూసి, దిద్ది పంపే బాధ్యత నాది.